పాత కారుకు విద్యుత్తు తోడు

కువైట్‌లో సాల్మియాకు, సల్వాకు నడుమనున్న ఇళ్ల పేట రుమైథియా. కడప నుండి, గోదావరి జిల్లాల నుండి వెళ్లిన మనవారు ఎందరో ఇటువంటి పేటల్లో ఇంటి డ్రైవర్లుగా ఉన్నారు. ఒప్పందం మీద ఓడ ఎక్కిన తాత ముత్తాతల సంతతి మనము. ఆ బ్రతుకు మనకు కొత్త కాదు. పాత పెట్రోలు కారుకు విద్యుత్ మోటారును తోడు చేర్చవచ్చునా అనే ప్రశ్నను ఆ వీధుల్లో పెట్టి చూడదలచాము. పిల్లల బడి, బజారు, మళ్లీ ఇల్లు: అంతా ఆగి ఆగి సాగే ప్రయాణమే. మోటారుకు పని దొరికేది అక్కడనే.

ఊహ పాతదే. విక్టర్ వూక్ అనే అమెరికా ఇంజనీరు సహచరునితో కలిసి 1972 నాటి బ్యూయిక్ స్కైలార్క్ కారును ఇట్లు మార్చాడు. 1974లో అక్కడి ప్రభుత్వం దానిని పరీక్షించింది. పుణెలో కె.పి.ఐ.టి. వారు 2010లో రెవొలో అనే సామగ్రిని ప్రకటించారు. 2016లో భారత ప్రభుత్వం మోటారు వాహనాల నియమాలలో దీనికి చోటిచ్చింది. అయినా వీధుల్లో అరుదే.

ఆగిన బండిని కదలించేటప్పుడు ఇంజనుకు మోటారు చెయ్యి వేస్తుంది. దానిని ఇంజను కప్పీకి బెల్టుతోనో, వెనుక చక్రాలకు విడిగానో బిగిస్తారు. బ్రేకు వేసినపుడు అదే మోటారు జనరేటరుగా మారి, వేడిగా పోయే శక్తిలో కొంత బ్యాటరీకి తిరిగి చేరుస్తుంది. టన్ను బరువుగల కారును గంటకు 40 కిలోమీటర్ల వేగానికి తేవడానికి, గాలి, రాపిడి నష్టాలు వదిలితే, 17 వాట్-గంటలు చాలు. కరెంటు బిల్లులో ఒక యూనిట్‌లో అది సుమారు అరవయ్యో వంతు! కనుక పెద్ద బ్యాటరీ అక్కరలేదు. కాని ఇవ్వవలసినది క్షణాలలో ఇవ్వాలి. 5 కిలోవాట్ల మోటారు 48 వోల్టుల మీద 100 ఆంపియర్లకు పైగా లాగుతుంది. సన్నని తీగ వేస్తే కాలిపోతుంది.

ఇక ఎండ. 2016 జూలైలో కువైట్‌లోని మిత్రిబాలో దాదాపు 54 డిగ్రీలు నమోదైంది. ఎండలో నిలిపిన కారు డిక్కీలో వేడి అంతకు మించుతుంది. సాధారణ లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటాక ఛార్జి చేయరాదు. సీసపు బ్యాటరీ వేడికి త్వరగా చెడుతుంది. పైగా పాత కారులో ఏ.సి.ని త్రిప్పేది ఇంజనే. సిగ్నలు దగ్గర ఇంజను ఆర్పి పెట్రోలు మిగిల్చుదామంటే వెనుక సీటులోని పసివాళ్లు ఉడికిపోతారు గదా! బ్రేకుకు బలమిచ్చేది కూడ ఇంజను పీల్పే. నడుస్తున్న బండిలో ఇంజను ఆర్పితే, రెండు మూడు తొక్కుళ్ల తరువాత బ్రేకు రాయిలా బిగుస్తుంది. ఇది ప్రాణాల సంగతి.

లాభమా? 2016 సెప్టెంబరులో ధర పెంచాక కూడ అక్కడ ప్రీమియం పెట్రోలు లీటరు 85 ఫిల్సే. ఆ ధరకు మోటారు ఖర్చు తిరిగి రావడం కష్టం. పెట్రోలు ప్రియమైన చోట్ల, నీడన నిలిపే కార్లకు లెక్క వేరుగా తేలవచ్చు.

ఇంటి డ్రైవరుకు ఇంకొక చిక్కున్నది. కారు యజమానిది. మెకానిక్కు మాట నమ్మి తీగలు కలిపించుకుంటే, రేపు పొగ లేచినపుడు నింద పడేది తన మీదనే. యజమాని వ్రాతపూర్వక అనుమతి, రవాణా శాఖ ఆమోదం, బీమా వారి సమ్మతి ముందు. సొంత కారున్నవారికి కూడ ఈ మాట: బ్యాటరీ పక్కనే ఫ్యూజు, చేతికందే చోట స్విచ్చి లేని అమరికను మేమైతే ఉచితంగా ఇచ్చినా బిగించుకోము.