మొదటి స్థానం దేనికి లెక్క?

పాటకు వ్యూస్ లక్షలు దాటితే “దేవుడు వీరిని బలంగా వాడుకుంటున్నాడు” అనే మాట మన సంఘాల్లో తరచు వింటున్నాము. ఈ సందర్భంగా అమెరికాలో జరిగిన ఒక సంగతి పాఠకుల ముందుంచుతున్నాము.

2014 సెప్టెంబరులో క్రైస్తవ ర్యాప్ గాయకుడు లెక్రే ఆల్బమ్ ‘అనామలీ’ బిల్‌బోర్డ్ పత్రికవారి 200 ఆల్బముల పట్టికలో మొదటి స్థానానికి వచ్చింది. అదే వారం సువార్త ఆల్బముల పట్టికలోనూ అదే ప్రథమం. ఈ రెండూ ఒకే ఆల్బముకు ఒకేసారి దక్కడం అంతకుముందు లేదు. విడుదల చేసినది అట్లాంటాలోని స్వతంత్ర సంస్థ రీచ్ రికార్డ్స్. 2004లో లెక్రే, బెన్ వాషర్ కలిసి ప్రారంభించారు. వీరి కళాకారుల బృందం పేరులోని ‘116’ రోమా 1:16 నుండి తీసుకున్నదే.

ఆ వారం అమ్ముడైనవి సుమారు 88,000 ప్రతులు. ముప్పై కోట్లకు పైగా జనమున్న దేశంలో ఇది చిన్న సంఖ్యే. అయితే అప్పట్లో ఆ పట్టిక ఒక్క వారపు అమ్మకాలనే లెక్కించేది. విడుదలైన వెంటనే డబ్బు పెట్టి కొనే నమ్మకమైన శ్రోతలుంటే చిన్న సంస్థ కూడా పెద్దవాటిని దాటగలదు. కొన్నవారిలో సువార్త కోసం కొన్నదెవరో, ర్యాప్ నచ్చి కొన్నదెవరో మాత్రం పట్టిక చెప్పదు.

ఆ డిసెంబరులోనే పద్ధతి మారింది. అప్పటి నియమం ప్రకారం ఆన్‌లైన్‌లో పాటలు 1,500 సార్లు వింటే ఒక ఆల్బమ్ అమ్మినట్లు లెక్కించేవారు. కొని దాచుకునే శ్రోతకంటే పదేపదే వినే శ్రోతకు విలువ పెరిగింది. చిన్న సంస్థలకు ఇది కష్టమేనని మా అభిప్రాయం. ఆ కారణం చేతనే అనలేము గాని, 2016లో లెక్రే కొలంబియా రికార్డ్స్ అనే పెద్ద సంస్థతో ఒప్పందం చేసుకున్నారు.