పురుగు పేరు తెలిస్తేనే పంట లెక్క
మిర్చి, పల్లి, పత్తి వర్తకులు గమనించవలసిన విషయాలు

పంట మీద పురుగు పడిందన్న వార్త యార్డుకు చేరితే ధర ఆ రోజే కదులుతుంది. వరంగల్ ఎనుమాముల యార్డులో మిర్చికి గాని, పత్తికి గాని, పల్లికి గాని ఇది కొత్త కాదు. నిల్వలున్నవారు సరుకు బిగబట్టుకుంటారు. ఖరీదుదారులు తొందరపడతారు. వారం తిరిగేసరికి కొందరికి లాభం, కొందరికి నష్టం మిగులుతాయి.

అయితే "పురుగు పడింది" అన్న మాటలో వర్తకానికి పనికివచ్చే సమాచారం బహు స్వల్పం. అది ఏ పురుగు, మొక్కలో ఏ భాగాన్ని తింటుంది, ఏ నెలలో తింటుంది అన్నవి తెలిస్తేనే దిగుబడి ఎంత తగ్గవచ్చు, ఏ కోతలో తగ్గవచ్చు, నాణ్యత ఎలా ఉంటుంది అని లెక్క వేయడానికి వీలవుతుంది. చూపుకు ఒకేలా ఉన్న రెండు పురుగులు వేర్వేరు జాతులు కావచ్చు. జాతి మారితే నష్టం మారుతుంది, మందు మారుతుంది, ధర నడక కూడా మారుతుంది. మన యార్డుకు వచ్చే మూడు ముఖ్యమైన సరుకులలోనూ ఈ సంగతి రుజువైంది.

మిర్చి: రెండు తామర పురుగులు

మిరప తోటలకు తామర పురుగు పాత శత్రువే. రైతులు పైముడత అని చెప్పేది దాని పనే. దీని శాస్త్రీయ నామం స్కిర్టోత్రిప్స్ డార్సాలిస్. లేత పసుపు రంగులో, మిల్లీమీటరుకు మించని పొడవుతో ఉండే ఈ పురుగు లేత ఆకులను గీకి రసం పీలుస్తుంది. ఆకుల అంచులు పైకి ముడుచుకొని దొన్నెలా అవుతాయి. ఆకు కిందికి ముడుచుకుంటే అది కిందిముడత. దానికి కారణం తామర పురుగు కాదు, తెల్లనల్లి. రెంటికీ కొట్టవలసిన మందులు వేరు. ఈ తేడా అనుభవమున్న రైతులకు తెలిసినదే.

2021లో తోటలను చుట్టుముట్టిన నల్ల తామర పురుగు మాత్రం పూర్తిగా వేరే జాతి. దీని పేరు త్రిప్స్ పార్విస్పైనస్. ఇండోనేషియా, థాయిలాండ్ వంటి ఆగ్నేయాసియా దేశాలలో ఇది ముందునుంచీ ఉన్నదే. 2015లో కలకత్తాలోని భారత జంతు సర్వేక్షణ సంస్థ శాస్త్రజ్ఞులు బెంగుళూరులో బొప్పాయి మీద దీనిని గుర్తించి, మన దేశంలో ఇది తొలిసారి కనిపించినట్టు ప్రకటించారు. 2021 ఆరంభంలో గుంటూరు జిల్లా మిరప పూలలో కనిపించింది. 2021-22 సీజన్ నాటికి ఖమ్మం జిల్లాతో పాటు ఉమ్మడి వరంగల్ జిల్లాలోని మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి ప్రాంతాల తోటలకు కూడా వ్యాపించింది.

ఈ పురుగు ఎక్కువగా పూవులో చేరుతుంది. పుప్పొడిని, పూవు లోపలి లేత భాగాలను తినివేయడం వల్ల పూత ఎండి రాలిపోతుంది. నిలిచిన కాయ కూడా వంకర తిరుగుతుంది. వర్తకులు గమనించవలసిన తేడా ఇక్కడే ఉంది. ఆకు ముడుచుకున్న మొక్క మందు, నీరు సకాలంలో అందితే తిరిగి చిగురించవచ్చు. పూత రాలితే ఆ పూత తాలూకు కాయ పోయినట్టే. అంటే పాత తామర పురుగు పడిన ఏడాది పంట ఆలస్యం కావచ్చు. నల్ల తామర పురుగు పడిన ఏడాది సరుకే కరవవుతుంది.

ఆ సీజన్‌లో చాలామంది రైతులు పాత పురుగుకు కొట్టే మందులనే కొట్టారు. లొంగకపోతే రెండు మూడు మందులు కలిపి కొట్టారు. పూవు లోపల దాగిన పురుగుకు మందు సరిగా తగలలేదు. దానిని తినే మిత్రపురుగులు మాత్రం చనిపోయాయి. కొందరు తోటలనే పీకివేశారు. పురుగుకు అకాల వర్షాలు, తెగుళ్ళు తోడయ్యాయి. సరుకు రాక తగ్గడంతో 2022 మార్చిలో ఎనుమాములలో దేశీ రకం మిర్చి క్వింటాలు 50 వేల రూపాయలకు పైగా పలికింది. ధర పెరిగినా దిగుబడి లేని రైతుకు దక్కింది తక్కువే.

మరొక విషయం కూడా గమనార్హం. అవసరానికి మించి మందు కొట్టిన కాయలో అవశేషాలు మిగులుతాయి. విదేశాలకు పంపే సరుకుకు, ముఖ్యంగా ఐరోపా దేశాలకు వెళ్ళే సరుకుకు, అవశేషాల పరీక్ష తప్పనిసరి. పురుగు పేరు తెలియక కొట్టిన మందు చివరికి ఎగుమతిదారు పెట్టుబడికే ఎసరు పెట్టవచ్చు.

పల్లి: తెగులు ఒకటి, అనుమానం మరొకటి

తామర పురుగులు రసం పీల్చడంతో ఆగవు. కొన్ని జాతులు వైరస్ తెగుళ్ళను మొక్క నుంచి మొక్కకు చేరవేస్తాయి. పల్లి పంటను ఏళ్ళ తరబడి బాధించిన మొవ్వకుళ్ళు తెగులు ఇటువంటిదే. దీనికి కారణం విదేశాలలో టమాటాకు సోకే మచ్చల వైరస్సేనని, దానిని మోసేది ఫ్రాంక్లినియెల్లా షుల్జీ అనే తామర పురుగని చాలాకాలం భావించారు. అప్పటి మెదక్ జిల్లా పటాన్‌చెరు వద్ద 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థ శాస్త్రజ్ఞులు 1990ల ఆరంభంలో ఈ అభిప్రాయాన్ని సవరించారు. వైరస్ వేరని, దానిని ప్రధానంగా మోసేది త్రిప్స్ పామి అనే మరొక జాతి అని తేల్చారు.

ఈ సవరణ పుస్తకాలకే పరిమితమైనది కాదు. మోసే పురుగు ఏదో తెలిస్తేనే అది ఏ పైరు మీద పెరుగుతుంది, ఏ నెలలో గుంపుగా ఎగిరి వస్తుంది అని గమనించి, విత్తే సమయాన్ని సరిచేసుకోవడానికి వీలు కలుగుతుంది.

2000 సంవత్సరంలో అనంతపురం జిల్లా అనుభవం ఇంతకన్నా ఖరీదైనది. ఆ ఖరీఫ్‌లో సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్ల పల్లి పంటను ఒక తెగులు దెబ్బతీసింది. నష్టం 300 కోట్ల రూపాయలకు మించినట్టు అంచనా వేశారు. లక్షణాలను బట్టి మొదట దానిని మొవ్వకుళ్ళుగా అనుమానించారు. పరీక్షలలో అది పొగాకు స్ట్రీక్ వైరస్ అని బయటపడింది. దీనినే కాండంకుళ్ళు అంటున్నారు.

ఇది పాకే తీరు వేరు. బీళ్ళలో, గట్ల మీద పెరిగే వయ్యారిభామ మొక్కలో ఈ వైరస్ ఏ లక్షణమూ కనిపించకుండా నిలిచి ఉంటుంది. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. పుప్పొడి అంటిన తామర పురుగులు పల్లి ఆకులను గీకినప్పుడు వైరస్ లోపలికి చేరుతుంది. కనుక జబ్బుపడిన పల్లి మొక్కలను పీకినంత మాత్రాన ఫలితం లేదు. వయ్యారిభామను పూతకు రాకముందే తీసివేయాలి. ఏ జాతి వైరస్, ఏ జాతి కలుపు, ఏ జాతి పురుగు అన్న మూడూ తేలిన తరువాతనే ఈ సలహా ఇవ్వడం సాధ్యమైంది.

పత్తి: మూడు పురుగులు, మూడు లెక్కలు

పత్తి వర్తకులకు కాయతొలిచే పురుగు అన్న మాట బాగా పరిచితం. అయితే వరంగల్ ప్రాంతాన్ని వేర్వేరు కాలాలలో దెబ్బతీసినవి వేర్వేరు జాతులు.

మొదటిది శనగపచ్చ పురుగు, అనగా హెలికోవెర్పా ఆర్మిజెరా. సింథటిక్ పైరెత్రాయిడ్ మందులను తట్టుకొనే శక్తి దీనికి వచ్చినట్టు 1987 ప్రాంతంలో కోస్తా ఆంధ్ర పత్తి పొలాలలో బయటపడింది. రెండవది పొగాకు లద్దెపురుగు. 1997-98 సీజన్‌లో వరంగల్ జిల్లా పత్తిని ఇది తీవ్రంగా దెబ్బతీసింది. మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు, అప్పు మాత్రం పెరిగింది. ఆ ఏడాది జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతటా చర్చనీయాంశమయ్యాయి. విత్తనం, మందు, అప్పు ఇచ్చి పంటను కొనే వర్తకుడే చాలా గ్రామాలలో రైతుకు సలహాదారుగా ఉండేవాడు. పురుగు ఏదో తెలియకుండా ఇచ్చిన సలహా ఎంత దూరం పోతుందో ఆ సీజన్ చూపింది.

2002లో బీటీ పత్తికి, 2006లో రెండు జన్యువుల బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చింది. శనగపచ్చ పురుగు తగ్గింది. అయితే మూడవదైన గులాబీరంగు పురుగు తిరిగి తలెత్తింది. ఒక జన్యువున్న పత్తిని ఇది తట్టుకొంటున్నట్టు 2010లో గుజరాత్ నుంచి వెల్లడైంది. తరువాతి కొద్ది సంవత్సరాలకే రెండు జన్యువుల పత్తిలోనూ బతకసాగింది.

ఒకే విత్తనం ఒక పురుగును అదుపుచేసి, రెండవదాని ముందు ఎందుకు ఓడింది? సమాధానం ఆ జాతుల ఆహారపు అలవాటులో ఉంది. శనగపచ్చ పురుగు కంది, శనగ, టమాటా, మిరప అన్నిటినీ తింటుంది. ఆ పైర్లలో బీటీ లేదు కనుక మందుకు లొంగే పురుగులు అక్కడ పెరిగి, తట్టుకొనే వాటితో కలుస్తూ ఉంటాయి. తట్టుకొనే శక్తి పలచబడుతుంది. గులాబీరంగు పురుగుకు పత్తి తప్ప చెప్పుకోదగిన ఆహారం లేదు. పత్తి అంతా బీటీయే అయినప్పుడు బతికి బట్టకట్టేవి తట్టుకొనేవే. వాటి సంతతే మిగులుతుంది.

ధర లెక్కకు కూడా ఈ తేడా ముఖ్యం. శనగపచ్చ పురుగు మొగ్గలను, కాయలను బయటినుంచి తొలుస్తుంది. నష్టం పొలంలో కంటికి కనబడుతుంది. గులాబీరంగు పురుగు కాయలోపల ఉంటుంది. బయటికి కాయ పచ్చగా, నిండుగా కనిపిస్తుంది. పగిలినప్పుడే గుడ్డికాయ అని తెలుస్తుంది. పంట వయసు పెరిగేకొద్దీ దీని ఉధృతి పెరుగుతుంది కనుక మొదటి ఏరుడు బాగున్నా తరువాతి ఏరుళ్ళు దెబ్బతినవచ్చు. దూది రంగు మారుతుంది. గింజ గుల్లబారి నూనె దిగుబడి కూడా తగ్గుతుంది. మొదటి రాకను చూసి సీజన్ మొత్తానికి బేరాలు కుదుర్చుకోవడం ఇటువంటి సంవత్సరంలో ప్రమాదకరం.

ఈ పురుగు ప్రయాణం చేసింది కూడా వర్తకం వెంటనే. 1840లలో బరూచ్ నుంచి పంపిన నమూనాల ఆధారంగా దీనికి పేరు పెట్టారు. 20వ శతాబ్ది ఆరంభంలో గింజలతో ఈజిప్టుకు, అక్కడినుంచి మెక్సికోకు చేరింది. 1917లో అమెరికాలోని టెక్సాస్‌లో కనిపించింది. బీటీ పత్తికి తోడు గొడ్డు రెక్కల పురుగులను వదలడం, లింగాకర్షక బుట్టలు పెట్టడం, పంట అవశేషాలను గడువులోగా దున్నివేయడం వంటి పనులను ఏళ్ళ తరబడి కలిపి సాగించిన మీదట 2018లో అమెరికా తన పత్తి ప్రాంతాలు దీని నుంచి విముక్తమైనట్టు ప్రకటించింది. మన జిన్నింగు మిల్లుల ఆవరణలో మిగిలే గింజ, చెత్త ఈ పురుగుకు ఆశ్రయమన్న సంగతి మిల్లు యజమానులు గుర్తించాలి. వానకాలం పంటకు ముందే ఆవరణ శుభ్రం చేయడం, బుట్టలు పెట్టడం ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పనులు.

పేరు తేల్చేది ఎలా?

తామర పురుగుల జాతిని కంటితో తేల్చడం సాధ్యం కాదు. పురుగును గాజు పలక మీద అమర్చి, సూక్ష్మదర్శినిలో మీసాల కణుపులు, వెంట్రుకల అమరిక చూస్తారు. అనుమానం ఉంటే జన్యు పరీక్ష చేస్తారు. 2015లో బెంగుళూరు పురుగును ఈ రెండు విధాలా పరీక్షించే నిర్ధారించారు. పేరు తేలగానే ఇతర దేశాలలో ఆ జాతిపై జరిగిన పరిశోధన అంతా మనకు అందుబాటులోకి వస్తుంది. నల్ల తామర పురుగు పేరు మన దేశంలో నమోదైన 6 సంవత్సరాలకు గాని యార్డులలో వినిపించలేదు. ఆ వార్త ముందే చేరి ఉంటే అటు రైతుకు, ఇటు వర్తకుడికి కొంత వ్యవధి దొరికేది.

వర్తకులు అడగవలసినవి

పల్లెల నుంచి పురుగు వార్త వచ్చినప్పుడు అడ్తిదారులు, ఖరీదుదారులు ఈ ప్రశ్నలు వేసుకోవడం మంచిది.

1. పురుగు పేరు ఏది? ఎవరు నిర్ధారించారు?

2. అది ఆకును తింటుందా, పూతనా, కాయనా? ఆకు అయితే ఆలస్యం, పూత అయితే కొరత, కాయ అయితే నాణ్యత.

3. ఏ కోత లేదా ఏ ఏరుడు మీద దెబ్బ పడుతుంది?

4. వైరస్‌ను మోసే జాతియా? అయితే పురుగు తగ్గినా తెగులు మిగులుతుంది.

5. రైతు ఏ మందు ఎన్నిసార్లు కొట్టాడు? ఎగుమతి సరుకు అయితే ఈ ప్రశ్న కొనుగోలుకు ముందే తేలాలి.

వరంగల్‌లోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో, మల్యాలలోని ఉద్యాన పరిశోధనా కేంద్రంలో ఈ పంటల పురుగుల గురించి సమాచారం లభిస్తుంది. వదంతిని నమ్మి నిల్వ పెట్టేముందు లేదా వదిలించుకునేముందు అక్కడ ఒక మాట అడిగి తెలుసుకోవడం వర్తకులకు శ్రేయస్కరం. సరైన పేరు యార్డులో వినిపిస్తే అది రైతు చెవిన కూడా పడుతుంది. రైతు సరైన మందు, సరైన సమయంలో కొట్టిన ఏడాదే యార్డుకు సరుకు నిండుగా వస్తుంది.