వయసొచ్చాక పలువరుస
కనిపించని క్లిప్పులతో పెద్దల పళ్లూ దారికొస్తాయి. కానీ చెల్లించాల్సిన మూల్యం డబ్బొక్కటే కాదు.

వంకరపోయిన వాటిని సరిచేయడం ఖరగ్‌పూర్‌కు కొత్త కాదు. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే నాటి వర్క్‌షాపు శతాబ్దానికి పైగా ఇంజన్లనూ పెట్టెలనూ బాగుచేస్తూనే ఉంది. రైల్వే కొలువుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి తరలివెళ్లిన తెలుగు కుటుంబాల మూడో తరం, నాలుగో తరం ఇప్పుడక్కడ స్థిరపడ్డాయి. ఎత్తుపళ్ల విషయంలో మాత్రం మిగతా తెలుగువాళ్ల మాదిరే అక్కడా ఓ అభిప్రాయం పాతుకుపోయింది: క్లిప్పులు వేయించాల్సింది చిన్నప్పుడే, ఉద్యోగమొచ్చి పెళ్లయ్యాక ఇంకేం లాభం?

ఆ మాటలో నిజం సగమే. పన్ను దవడలో మేకులా దిగి ఉండదు. పంటి వేరుకూ ఎముకకూ మధ్య సన్నని పీచు పొర ఉంటుంది. పన్ను మీద నిలకడగా కొద్దిపాటి ఒత్తిడి పెడితే ఒకవైపు ఎముక కరుగుతుంది, రెండోవైపు కొత్తగా ఏర్పడుతుంది. అలా పన్ను నెలకు దాదాపు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. ఈ ప్రక్రియకు వయోపరిమితి లేదు. ఆగిపోయేది దవడ ఎదుగుదల. అందుకే లోపం పళ్లలో కాక దవడలోనే ఉంటే పెద్దవాళ్లకు ఒక్కోసారి శస్త్రచికిత్స తప్పదు. చిగుళ్ల జబ్బు ఉంటే ముందు దాన్ని నయం చేసుకోవాలి. లేకపోతే జరిపిన పన్ను ఊడే ప్రమాదముంది.

పెద్దలను వెనక్కి లాగేది నొప్పి కంటే మొహమాటమే. టికెట్ కౌంటర్లోనో, తరగతి గదిలోనో రోజూ పదిమందితో మాట్లాడేవారికి నోట్లో ఇనుప తీగ ఇబ్బందే. దానికి మూడు ప్రత్యామ్నాయాలున్నాయి. ఒకటి పంటి రంగులో కలిసిపోయే సిరామిక్ క్లిప్పులు. అయితే వాటిని బిగించే రబ్బరు రింగులకు పసుపు, టీ మరకలు ఇట్టే పడతాయి. రెండోది పళ్ల వెనకవైపు అతికించే లింగ్వల్ పద్ధతి. జపాన్‌లో కిన్యా ఫుజిటా, అమెరికాలో క్రేవెన్ కర్జ్ 1970లలో దీన్ని రూపొందించారు. బయటికి అసలు కనిపించదు కానీ మొదటి కొన్ని వారాలు నాలుక ఒరుసుకుపోతుంది, మాట తడబడుతుంది.

మూడోది పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు, అంటే అలైనర్లు. పెద్దయ్యాక పళ్లకు చికిత్స చేయించుకున్న జియా చిష్తీకి ఈ ఆలోచన తట్టింది. ఆయన, కెల్సీ వర్త్ కలిసి 1997లో కాలిఫోర్నియాలో స్థాపించిన అలైన్ టెక్నాలజీ సంస్థే ఇన్విజలైన్‌ను మార్కెట్లోకి తెచ్చింది. కంప్యూటర్ గీసిన పథకం ప్రకారం ఒకటి రెండు వారాలకోసారి తొడుగు మార్చాలి. రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకునే ఉండాలి. తిన్నప్పుడు, టీ తాగినప్పుడు తీసి, పళ్లు శుభ్రం చేసుకున్నాకే మళ్లీ పెట్టుకోవాలి. వేళాపాళా లేని డ్యూటీల్లో రైళ్లు నడిపే లోకో పైలట్లకు ఈ క్రమశిక్షణ తేలిక కాదు. పైగా పళ్లు బాగా మెలితిరిగి ఉన్నా, ఎక్కువ దూరం జరపాల్సి వచ్చినా తీగ క్లిప్పులే మేలన్నది చాలామంది నిపుణుల మాట.

ఖర్చు మాటకొస్తే ప్రైవేటు క్లినిక్‌లలో మామూలు క్లిప్పులకు పదుల వేలవుతుంది. అలైనర్లకు లక్ష దాటడం మామూలే. చవకైన దారి కావాలంటే ప్రభుత్వ దంత కళాశాలలున్నాయి. కలకత్తాలో రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో నెలకొల్పిన దంత కళాశాల ఇప్పుడు ఆయన పేరుతోనే నడుస్తోంది. ఖరగ్‌పూర్ నుంచి హౌరా 115 కిలోమీటర్లు. అక్కడి నుంచి నగరం దాటి సియాల్దా వైపు వెళ్లాలి. చికిత్స సాగే ఏడాదిన్నర, రెండేళ్లూ దాదాపు నెలకోసారి ఈ ప్రయాణానికి సెలవు దొరకాలి. మధ్యలో బదిలీ అయితే కొత్త ఊళ్లో కొత్త డాక్టరును వెతుక్కోవాలి. అందుకే ఎక్స్‌రేలు, పళ్ల అచ్చులు, చికిత్స పథకం నకళ్లు మొదటి నుంచీ దగ్గర ఉంచుకోవడం మంచిది.

ఈ తిరుగుడంతా ఎందుకని తొడుగులను నేరుగా ఇంటికే తెప్పించుకునే దారీ ఉంది. దాని ముప్పేమిటో అమెరికాలో తేలిపోయింది. ఆ వ్యాపారంలో పేరుమోసిన స్మైల్ డైరెక్ట్ క్లబ్ 2023 డిసెంబర్‌లో మూతపడి, వినియోగదారులను సగం చికిత్సలోనే వదిలేసింది. ఎక్స్‌రే తీయకుండా, చిగుళ్లు చూడకుండా పళ్లు జరిపించుకోవడం ప్రమాదకరం. బీడీఎస్ తర్వాత ఆర్థోడాంటిక్స్‌లో మూడేళ్ల ఎండీఎస్ చేసినవారే ఈ పనికి నిపుణులు. వేయించుకునే ముందు ఆ అర్హత గురించి అడగడానికి సంకోచించనక్కర్లేదు.

క్లిప్పులు తీసేయడంతో కథ ముగియదు. పళ్లు పాత చోటికే పోవాలని చూస్తాయి. వాటిని ఆపే రిటెయినర్‌ను మొదట్లో దాదాపు రోజంతా, తర్వాత రాత్రిళ్లు పెట్టుకోవాలి. ఏళ్ల తరబడి, వీలైతే జీవితాంతం. రైల్వే కొలువుకు రిటైర్మెంట్ ఉంటుంది కానీ రిటెయినర్‌కు ఉండదు.