ఎక్స్‌ప్రెస్, ప్యాసింజరు చీరాలలోనే ఎందుకు ఎదురుపడతాయి?

విజయవాడ నుంచి ఒంగోలుకు రైలు మార్గం దాదాపు 140 కిలోమీటర్లు. మధ్యలో చీరాల. అటు విజయవాడ 90, ఇటు ఒంగోలు 50. లెక్క తేలికయ్యేందుకు కాస్త సవరించిన అంకెలివి. ఉదయం 6 గంటలకు విజయవాడలో ఎక్స్‌ప్రెస్, ఒంగోలులో ప్యాసింజరు ఎదురెదురుగా బయల్దేరాయి. వాటి వేగాల నిష్పత్తి 9:5. ఎక్కడ ఎదురుపడతాయి?

అసలు వేగాలే చెప్పలేదు కదా అంటారేమో. అక్కర్లేదు. రెండూ ఒకేసారి కదిలాయి కాబట్టి, ఎదురుపడేసరికి రెండూ నడిచిన కాలం ఒక్కటే. కాలం సమానమైతే దూరాలు కూడా వేగాల నిష్పత్తిలోనే ఉంటాయి. 9, 5 కలిపితే 14 భాగాలు. 140 కిలోమీటర్లను 14 భాగాలు చేస్తే భాగానికి 10. ఎక్స్‌ప్రెస్ వాటా 9 భాగాలు, అంటే 90 కిలోమీటర్లు. చీరాల! గంటకు 90, 50 చొప్పున నడిస్తే 7 గంటలకు, 45, 25 చొప్పున నడిస్తే 8 గంటలకు కలుస్తాయి. వేళ మారుతుంది తప్ప చోటు మారదు. దారిలో ఆగడాలు, సిగ్నలు కోసం నిలబడటాలు లెక్కలోకి తీసుకోలేదు. పరీక్ష పేపర్లో రైళ్లకు ఆ బాధలుండవు.

ఇప్పుడు దూరం మారకుండా వేగం మారిందనుకుందాం. చీరాల నుంచి వాడరేవుకు 6 కిలోమీటర్లు అనుకోండి. సైకిలు మీద గంటకు 12 కిలోమీటర్ల చొప్పున వెళితే అరగంట. వేగం 15కు పెంచితే 24 నిమిషాలు. వేగాలు 12:15, అంటే 4:5. కాలాలు 30:24, అంటే 5:4. నిష్పత్తి తిరగబడింది. ఒకటి పెరిగిన లెక్కనే ఇంకొకటి తగ్గడాన్ని విలోమానుపాతం అంటారు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: వేగం పావు వంతు పెంచితే కాలం కూడా పావు వంతు మిగులుతుందనుకుంటారు. మిగిలింది అయిదో వంతే, 6 నిమిషాలు.

ఈ ఒక్క తిరగేత తెలిస్తే పోటీ పరీక్షల్లో తరచూ వచ్చే ఈ ప్రశ్న నోటి లెక్కే. ‘మామూలు వేగంలో ముప్పావు వంతుతో నడిస్తే ఆఫీసుకు 20 నిమిషాలు ఆలస్యమైంది. మామూలుగా ఎంతసేపు పడుతుంది?’ ఎక్స్ అనుకొని సమీకరణం రాయనక్కర్లేదు. కొత్త వేగం, పాత వేగం 3:4. కాలాలు 4:3. ఆలస్యమంటే ఈ రెండు కాలాల తేడాయే, అంటే ఒక భాగం. ఆ భాగం 20 నిమిషాలు. పాత కాలం 3 భాగాలు, గంట. సరిచూసుకోవాలంటే, కొత్త కాలం 80 నిమిషాలు. గంట కన్నా 20 ఎక్కువే కదా.

మరి చీరాల నుంచి బాపట్లకు బండి మీద 30 వేగంతో వెళ్లి, 60 వేగంతో తిరిగొస్తే సగటు 45 కాదా? కాదు. వేగాలు 1:2 కాబట్టి కాలాలు 2:1. మెల్లగా నడిపిన సమయం రెట్టింపు ఉంది, సగటు అటే లాగుతుంది. ఒకవైపు 15 కిలోమీటర్లు అనుకుంటే వెళ్లడానికి 30 నిమిషాలు, రావడానికి 15. మొత్తం 30 కిలోమీటర్లకు 45 నిమిషాలు, అంటే గంటకు 40.

లెక్క చూడగానే అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఏది మారలేదు, కాలమా, దూరమా? కాలమైతే నిష్పత్తి ఉన్నదున్నట్టు, దూరమైతే తిరగేసి. రెండూ మారితే ఈ కిటుకు పనిచేయదు, విడివిడిగా కట్టుకోవాల్సిందే.

ఇక మీరొకటి చేసి చూడండి. బాపట్ల చీరాలకు 15 కిలోమీటర్లు విజయవాడ వైపు ఉంది. ఆ రెండు రైళ్లు బాపట్లలో ఎదురుపడాలంటే వేగాల నిష్పత్తి ఎంత ఉండాలి? 15:13 వస్తే మీ లెక్క సరే.