చోటు గుర్తుంటే చాలు

కరెంటు పోయిన చీకట్లోనూ పోపుల పెట్టెలో అమ్మ చెయ్యి నేరుగా జీలకర్ర గిన్నె మీదికే వెళ్తుంది. కంప్యూటర్‌లో దాచిన సమాచారాన్నీ ఇలా చోటును బట్టే వెదుక్కోవచ్చని 1970లలోనే కొందరు పట్టుబట్టి చూపించారు.

అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో నికొలస్ నెగ్రోపాంటే, రిచర్డ్ బోల్ట్ బృందం కట్టిన ఆ సమాచార లోకం పేరు 'డేటాలాండ్'. గదిలో ఒక మెత్తటి వాలుకుర్చీ, దాని చేతుల మీద జాయ్‌స్టిక్‌లు, ఎదురుగా గోడంత తెర. పక్కనున్న చిన్న తెర మీద మొత్తం లోకం పటంలా కనిపిస్తుంది. పెద్ద తెర మీద మీరున్న చోటు మాత్రమే. జాయ్‌స్టిక్ కదిపితే ఫొటోలు, మ్యాపులు, పుస్తకాల మీదుగా ఎగురుతూ పోయి, కావలసిన దాని దగ్గర దిగవచ్చు. మౌస్ ఇంకా ఇళ్లకు రాని రోజులవి!

అదే బృందం 1978లో కొలరాడోలోని ఆస్పెన్ పట్నాన్ని వీధివీధీ చిత్రించింది. కారు మీద నాలుగు కెమెరాలు, ప్రతి పది అడుగులకూ ఒక ఫొటో. చూసేవాళ్లు తెర ముందు కూర్చునే ఎడమకో కుడికో తిరగవచ్చు, కొన్ని భవనాల్లోకి వెళ్లవచ్చు, కోరితే రుతువునూ మార్చవచ్చు. ఇలాగే వీధుల్లో తిప్పి చూపించే గూగుల్ స్ట్రీట్ వ్యూ వచ్చింది 2007లో.

'జురాసిక్ పార్క్' (1993)లో ఒక అమ్మాయి కంప్యూటర్ తెర మీద దిమ్మెల మధ్య ఎగురుతూ ఫైలు వెదికే దృశ్యం గుర్తుందా? అది సినిమా కల్పన కాదు. సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ నిజంగా చేసిన ప్రోగ్రాం.

నాకు అన్నిటికన్నా నచ్చింది 1998 నాటి మైక్రోసాఫ్ట్ ప్రయోగం, 'డేటా మౌంటెన్'. ఏటవాలు నేల లాంటి తెర మీద వంద వెబ్‌పేజీల బొమ్మలను ఎవరికి తోచినట్టు వాళ్లను సర్దుకోమన్నారు. నెలల తర్వాత మళ్లీ పిలిచి అడిగినా, ఏది ఎక్కడ పెట్టారో వాళ్లకు గుర్తుంది!

చోటుతో మన మెదడుకు ప్రత్యేక సంబంధమే ఉంది. చోటును గుర్తించే కణాలు మెదడులో ఉన్నాయని 1971లో ఎలుకల్లో కనిపెట్టిన జాన్ ఓకీఫ్‌కు 2014లో నోబెల్ పంచుకునే గౌరవం దక్కింది.

అయితే తెరకు లోతు కల్పించినంత మాత్రాన వెదకడం తేలిక కాదు. తర్వాతి పరీక్షల్లో మామూలు చదును తెర త్రీడీకి ఏమీ తీసిపోలేదు. అసలు బలం లోతులో లేదు, వస్తువు కదలకుండా ఒకేచోట ఉండటంలో ఉంది. యాప్‌లు తయారుచేసేవారికి నా మనవి ఒక్కటే: అప్‌డేట్ పేరుతో బటన్ల చోట్లు మార్చకండి. మా పెద్దవాళ్ల వేళ్లు ఆ చోట్లను ఎంతో కష్టపడి నేర్చుకున్నాయి.