చాట ముందు కూర్చునే అక్కలకు తలనొప్పి

కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపట్ల పల్లెల్లో మధ్యాహ్నం వేళ ఏ అరుగు మీద చూచినా చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టే స్త్రీలు కనబడతారు. సాయంత్రమయ్యేసరికి వారిలో కొందరు తలకు కొంగు బిగించి కట్టుకుంటారు. అడిగితే "తల పట్టేసింది" అంటారు. ఈ జబ్బును అంతకంటె బాగా చెప్పే మాట లేదు. నుదుటి చుట్టూ తాడు బిగించినట్టు రెండు వైపులా ఉండే నొప్పి ఇది. తరచుగా మెడ కూడా బిగుసుకుపోతుంది. వైద్యులు దీనిని టెన్షన్ తలనొప్పి అంటారు. అరగంట మొదలు కొన్ని రోజుల వరకు ఉండవచ్చును. దీనిలో వాంతులుండవు. ఒక పక్కనే పొడుస్తూ, వాంతి వస్తూ, వెలుతురు చూడలేక పడుకోవాలనిపించేది పార్శ్వపు నొప్పి. దాని వైద్యం వేరు.

టెన్షన్ అనే పేరు విని ఇంటివారు "నీవు ఊరికే ఆలోచిస్తావు, అందుకే" అని గదమాయిస్తారు. ఇది న్యాయం కాదు. భర్త గల్ఫ్‌లో ఉండటం, తీరని అప్పు, ఆడపిల్ల పెళ్ళి, ఇవి నిద్ర చెడగొట్టి నొప్పిని పెంచేమాట నిజమే. కాని మెడ, భుజాల కండరాలు గంటల తరబడి బిగుసుకొని ఉండటం కూడా దీనికి కారణమే. మనిషి తల సుమారు 5 కిలోలుంటుంది. తలను 60 డిగ్రీలు ముందుకు వంచితే మెడపై 27 కిలోల భారం పడుతుందని 2014లో న్యూయార్క్‌లోని ఒక వెన్నెముక సర్జన్ లెక్కకట్టారు. సెల్‌ఫోన్ చూచేవారి కోసం కట్టిన లెక్క ఇది. మన చాటకూ సరిపోతుంది.

వెయ్యి బీడీలకు ఇంత అని కూలి కనుక పని మానుకొమ్మని చెప్పటం తేలిక, మానటం కష్టం. కూర్చునే తీరు మాత్రం మార్చుకోవచ్చు. వీపు గోడకు ఆనించి, చాట కింద దిండు గాని చిన్న పీట గాని పెట్టి ఎత్తు చేసుకొంటే మెడ అంతగా వంగదు. అరగంటకొకసారి లేచి భుజాలు గుండ్రంగా పదిసార్లు త్రిప్పి, గడ్డాన్ని మెల్లగా వెనుకకు లాగి పట్టాలి. రెండు నిమిషాల పని. నలభై దాటినవారికి దారం ముడి మసకగా కనబడుతుంటే కళ్ళు పరీక్ష చేయించుకోవాలి. పొగాకులోని నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. తలనొప్పితో పాటు కడుపులో త్రిప్పటం, తల తిరగటం ఉంటే దానిని కూడా అనుమానించాలి. గాలి వచ్చే చోట కూర్చోవాలి, అన్నానికి ముందు చేతులు సబ్బుతో కడగాలి.

పొద్దున టీ మాత్రమే త్రాగి మధ్యాహ్నం దాకా చుట్టేవారికి ఆకలి వలన కూడా నొప్పి వస్తుంది. ఎండాకాలంలో నీళ్ళు, మజ్జిగ మరువరాదు. ఉపవాస ప్రార్థన రోజున తల పట్టే అలవాటున్నవారు నీళ్ళయినా త్రాగుతూ ఉండటం మంచిది.

నొప్పి వచ్చినప్పుడు వేడి నీటిలో పిండిన గుడ్డను మెడ వెనుక పది నిమిషాలు ఉంచండి. నుదుటికి అమృతాంజనం వంటి బామ్ రాయవచ్చును. అమృతాంజనాన్ని 1893లో బొంబాయిలో మొదలుపెట్టినవారు మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే.

ఇక మాత్రల సంగతి. అసలు ప్రమాదం ఇక్కడే ఉన్నది. పెద్దవారు ఎప్పుడైనా 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఒకటి, చాలకపోతే రెండు వేసుకోవచ్చును. మరల వేసుకోవటానికి ఆరు గంటల ఎడం ఉండాలి. కల్లు, సారా అలవాటున్నవారు, కాలేయ జబ్బున్నవారు డాక్టరును అడగకుండా వాడరాదు. కాని కిరాణా దుకాణంలో రోజూ ఒక మాత్ర కొని వేసుకొని చాట ముందు కూర్చునే అక్కలున్నారు. నెలలో 15 రోజులు, అంతకు మించి, మూడు నెలలకు పైగా ఇలా వాడితే ఆ మాత్రే తలనొప్పి తెస్తుంది. రెండు మూడు మందులు కలిపిన మాత్రలయితే 10 రోజులు చాలు. అందుచేత వారంలో రెండు రోజులకు మించనివ్వకండి. మాత్ర మానిన మొదటి వారం పది రోజులు నొప్పి ఎక్కువవుతుంది. అప్పుడే చాలామంది ఓడిపోయి మరల మొదలుపెడతారు. ఆ రోజుల్లో ఇంటివారు వంట, నీళ్ళ పని అందుకోవాలి. ఏళ్ళ తరబడి వాడినవారు డాక్టరు సలహాతో మానటం మేలు. నొప్పికి అస్తమానం సూది వేయించుకోవటం కూడా మంచిది కాదు. కొన్ని నొప్పి మందులు కడుపులో పుండు చేస్తాయి, మూత్రపిండాలను చెరుపుతాయి.

నెలలో సగం రోజులు నొప్పి ఉంటే డాక్టరు రాత్రి పూట అమిట్రిప్టిలిన్ కొద్ది మోతాదులో వ్రాయవచ్చును. అది దిగులుకు ఇచ్చే మందని తెలిసి "నాకు పిచ్చా?" అని పారవేసేవారున్నారు. తలనొప్పి మరల మరల రాకుండా కూడా దానిని ఇస్తారు. పనిచేయటానికి కొన్ని వారాలు పడుతుంది.

కొన్ని నొప్పులకు మాత్రం ఇంట్లో ఒక్క గంట కూడా ఆగరాదు. పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చే నొప్పి, జ్వరంతో మెడ కొయ్యబారటం, మాట తడబడటం, కాలో చెయ్యో పడిపోవటం, తలకు దెబ్బ తగిలిన తరువాత పెరిగే నొప్పి, గర్భిణికి చూపు మసకబారి ముఖం వాయటం, వీటిలో ఏది కనబడినా 108కి ఫోన్ చేయాలి. యాభై దాటిన తరువాత మొదటిసారి మొదలైన తలనొప్పిని కూడా ఆలస్యం చేయక ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవాలి. వెళ్ళినప్పుడు బి.పి. కూడా చూడమనండి.