పెరటి తోటకు కంచె: ఏ జంతువుకు ఏ అడ్డు?

అమృతలూరు, తెనాలి, రేపల్లె ప్రాంతాల్లో రెండో పంటగా వేసిన మినుము, మొక్కజొన్న తీసేశాక పశువులను, మేకలను పొలాల్లోకి వదులుతారు. ఎండలు ముదిరి బీళ్లలో గడ్డి మాడిపోయే ఆ రోజుల్లో పచ్చగా కనిపించేది పెరటి తోట ఒక్కటే. నెల రోజులు నీళ్లు మోసి పెంచిన బెండ, గోంగూర, సొర పాదు ఒక్క పూటలో మోడు అవుతాయి. అందుకే విత్తనం కంటే ముందు కంచె గురించి ఆలోచించాలి.

మన మాగాణి ఊళ్లలో అడవి లేదు కాబట్టి జింకల బెడద లేదు. అడవి, బీడు భూములు దగ్గరగా ఉన్న రైతులకు అదే పెద్ద సమస్య. నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. రక్షణ దొరకడంతో అక్కడ కృష్ణ జింకలు పెరిగి చుట్టుపక్కల చేలను మేశాయి. తెలంగాణలోని నారాయణపేట జిల్లాలో కృష్ణా తీర మండలాల రైతులదీ ఇదే బాధ. జింక అయినా, మేక అయినా మొదటి పని ఒకటే: తిన్నది ఏ జంతువో తేల్చుకోవాలి.

తిన్నది ఏదో ఎలా తెలుస్తుంది?

• మేక, గేదె, జింక: వీటికి పై దవడ ముందు భాగంలో పళ్లు ఉండవు. ఆకును పట్టి లాగి తెంపుతాయి. కాడ చివర పీచుపీచుగా ఉంటుంది. నేల మీద రెండుగా చీలిన గిట్ట గుర్తులు కనిపిస్తాయి.
• పందికొక్కు: కాడను కత్తితో కోసినట్టు ఏటవాలుగా కొరుకుతుంది. దగ్గరలో బొరియ, తవ్విపోసిన మట్టి ఉంటాయి.
• పంది: నేలను మూతితో తవ్వి మొక్కలను, దుంపలను పెకలిస్తుంది.
• కోతి: పగలే వస్తుంది. కాయలు సగం కొరికి పారేస్తుంది, కొమ్మలు విరుస్తుంది.

కంచె ఎలా ఉండాలి?

మేకలకు 4 నుంచి 5 అడుగుల ఎత్తు వల చాలు. అయితే వల నేలను తాకాలి, సందులు చిన్నవిగా ఉండాలి. గేదెలు ఒళ్లు రుద్దుకుంటాయి కాబట్టి గుంజలు లోతుగా, గట్టిగా పాతాలి. పందికొక్కులకు సన్న కన్నాల ఇనుప వలను ఒక అడుగు లోతు వరకు భూమిలోకి దించాలి. కోతులకు కంచె అడ్డు కాదు, పైన కూడా వల కప్పాల్సిందే.

జింక బాగా ఎగురుతుంది. దానికి 7 నుంచి 8 అడుగుల ఎత్తు కావాలి. అంత ఖర్చు పెట్టలేనివారు 4 అడుగుల కంచెలు రెండు, మధ్యలో 4 అడుగుల ఖాళీతో వేసుకోవచ్చు. అవతల ఎంత దూరం ఉందో అంచనా దొరక్క జింక దూకడానికి జంకుతుంది.

రెండు సెంట్ల పెరడు చదరంగా ఉంటే చుట్టుకొలత దాదాపు 120 అడుగులు. 8 అడుగులకు ఒకటి చొప్పున 15 గుంజలు సరిపోతాయి. పాత చేపల వల దొరికితే ఖర్చు తగ్గుతుంది. కానీ అందులో పాములు, పక్షులు చిక్కుకుంటాయి, రోజూ ఉదయం చూసుకోవాలి.

ఏళ్ల తరబడి నిలిచేది జీవ కంచె. తొలకరిలో 2 అడుగులకు ఒకటిగా వాక్కాయ మొక్కలు నాటితే రెండు మూడేళ్లలో ముళ్ల గోడ అవుతుంది, పచ్చడికి కాయలూ వస్తాయి. అప్పటిదాకా తుమ్మ కంప అడ్డు పెట్టాలి.

వాసనలు, పాత చీరలు

రెండు మూడు కోడిగుడ్లు గిలకొట్టి, వడగట్టి, 5 లీటర్ల నీటిలో కలిపి గట్ల మీద, కంచె మొక్కల మీద చల్లితే ఆ వాసనకు జింకలు, మేకలు కొంత వెనకాడతాయి. వాన పడితే మళ్లీ చల్లాలి. తినే ఆకుకూరల మీద మాత్రం చల్లకూడదు. పాత చీరలు కట్టినా కొన్నాళ్లే పనిచేస్తాయి, తర్వాత జంతువులు అలవాటు పడతాయి. చోటు, రంగు మారుస్తూ ఉండాలి. ఇవన్నీ కంచెకు తోడు మాత్రమే.

కరెంటు తీగ వద్దు

ఇంటి కరెంటును కంచె తీగకు తగిలించడం ప్రాణాంతకం. చీకట్లో ఆ తీగకు తగిలేది మేకే కానక్కర్లేదు. తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వెళ్లే మీ ఇంటి మనిషి కావచ్చు, పక్కింటి పిల్లవాడు కావచ్చు. మనిషి పోతే క్రిమినల్ కేసు తప్పదు. కృష్ణ జింక వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో మొదటి షెడ్యూలు జంతువు. దాన్ని చంపితే కనీసం 3 ఏళ్ల జైలు. విషం ఎరలు పెట్టినా ముప్పే, కుక్కలు, కోళ్లు, పసిపిల్లలు తినవచ్చు. సోలార్ కంచె వేరు. దాని యంత్రం క్షణంపాటు చిన్న షాక్ మాత్రమే ఇస్తుంది. దాన్ని తెలిసిన సాంకేతిక నిపుణుడితోనే బిగించుకోవాలి.

వచ్చేది ఎదురింటి మేకలే అయితే ముందు వారితో మాట్లాడండి. ఏ పూట తోలుతారో తెలిస్తే ఆ పూట కాపలా ఉండొచ్చు. కంచె వేశాక వారానికోసారి చుట్టూ తిరిగి చూడండి. ఎక్కువ తోటలు పోయేది కంచె లేక కాదు, తలుపు మూయడం మరిచిపోయి.